దొంగ చక్కెరల జాడ

మల్బరీ ఆకును కాడ దగ్గర తుంచగానే తెల్లటి పాలు ఊరతాయి. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులకు ఇది రోజూ కనిపించేదే. వేళ్లకు జిగురంటుతుంది, కడుక్కుంటే పోతుంది, అంతకు మించి ఆలోచించే పని పడదు. జపాన్‌లోని త్సుకుబాలో కొటారో కొన్నో, ఆయన సహచరులు మాత్రం ఆ పాలనే పట్టుకున్నారు. మల్బరీ ఆకు విషం లేనిదని అందరి నమ్మకం. కానీ ఆముదపు ఆకు తినే ఎరి పట్టుపురుగు పిల్లల్ని, క్యాబేజీని కొరికే గొంగళిపురుగుల్ని ఆ ఆకు మీద వదిలితే వాటికి అది విషమై కూర్చుంది. కారణం ఆకులోని పాలు. 2006లో ప్రచురించిన వాళ్ల లెక్క ప్రకారం కొన్ని మల్బరీ రకాల పాలల్లో 1.5 నుంచి 2.5 శాతం దాకా చక్కెరను పోలిన ఆల్కలాయిడ్లు ఉన్నాయి. నీరు తీసేసి తూస్తే 8 నుంచి 18 శాతం. అంతకు ముందు ఆకులో ఉన్నాయని చెప్పుకున్న మోతాదుకు ఇది దాదాపు వంద రెట్లు. ఆకు మొత్తాన్ని కలిపి నూరి కొలిస్తే వచ్చేది సగటు అంకె. కొరికిన చోట పురుగు నోట్లో పడేది సగటు కాదు, పాలు.

మల్బరీ పట్టుపురుగుకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ గుట్టు 2008లో బయటపడింది. ఆకులోని సుక్రోజ్‌ను పురుగులు మామూలుగా గ్లూకోజ్ వైపు నుంచి పట్టుకుని కోస్తాయి. పట్టుపురుగు దగ్గర ఫ్రక్టోజ్ వైపు నుంచి పట్టుకుని కోసే ఎంజైమ్ ఒకటి అదనంగా ఉంది. దాని జన్యువు ఎప్పుడో బాక్టీరియా నుంచి వచ్చి చేరింది. గ్లూకోజ్ వేషం కట్టుకుని వచ్చిన అణువు, గ్లూకోజ్ మొహమే చూడని ఎంజైమ్‌ను ఏం మోసం చేస్తుంది?

ఆ వేషగాళ్లలో పెద్ద పేరు 1-డీఆక్సీనొజిరిమైసిన్‌ది. పలకడానికి నోరు తిరగదు కాబట్టి అందరూ డీఎన్‌జే అంటారు, మనమూ అలాగే అందాం. గ్లూకోజ్‌ను ఊహించుకోండి: ఐదు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి ఆరు మూలల వలయం, దాని చుట్టూ హైడ్రాక్సిల్ గుంపులు. వలయంలోని ఆ ఆక్సిజన్‌ను తీసి నత్రజనిని పెట్టండి, పక్క కార్బన్ మీదున్న హైడ్రాక్సిల్‌ను ఊడబెరకండి. అదే డీఎన్‌జే. మిగతా హైడ్రాక్సిల్ గుంపులన్నీ గ్లూకోజ్‌లో ఎటు తిరిగి ఉన్నాయో ఇక్కడా అటే తిరిగి ఉంటాయి. అణుభారం గ్లూకోజ్‌ది 180, దీనిది 163. ఇలాంటి వాటినన్నిటినీ కలిపి ఇమినోషుగర్లు అంటారు.

నత్రజని వల్ల వచ్చే తేడా చిన్నది కాదు. నీళ్లలో అది ఒక ప్రోటాన్‌ను పట్టుకుని ధనావేశం తెచ్చుకుంటుంది. చక్కెర బంధాన్ని కోసేటప్పుడు క్షణమాత్రం గ్లూకోజ్ వలయంలో కూడా ధనావేశం పుడుతుంది, ఎంజైమ్ గుంటలోని ఋణావేశపు గుంపులు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. డీఎన్‌జే ఆ క్షణపు రూపాన్ని శాశ్వతంగా మోస్తూ తిరుగుతుంది. ఎంజైమ్ దాన్ని అసలు చక్కెర కన్నా గట్టిగా పట్టుకుంటుంది. కోయడానికి మాత్రం అక్కడ బంధమే లేదు.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. స్టీవియా వంటివి తీపిగా ఉండి నాలుకను మోసం చేస్తాయి. పొడపత్రి ఆకు నమిలితే కాసేపు పంచదార ఇసుకలా అనిపిస్తుంది, అదీ నాలుక వ్యవహారమే. ఈ అధ్యాయంలో మాట్లాడుకునేవి ఎంజైమ్‌ను మోసం చేసేవి. నోటికి వీటి సంగతి తెలియదు.

కథ మొదలైంది చెట్టు నుంచి కాదు, సూక్ష్మజీవి నుంచి. 1966లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక స్ట్రెప్టోమైసిస్ నుంచి నొజిరిమైసిన్‌ను యాంటీబయాటిక్‌గా వెలికి తీశారు. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో హాన్స్ పాల్సెన్ డీఎన్‌జేను ప్రయోగశాలలో తయారుచేశాడు. అంటే ప్రకృతిలో ఉందో లేదో తెలియకముందే గాజు కుప్పెలో పుట్టిందన్నమాట. 1976లో మల్బరీ వేరు బెరడులో అది దొరికింది. ఆ తర్వాత దాని నత్రజనికి చిన్న తోకలు తగిలించి మందులు చేశారు. మధుమేహానికి మిగ్లిటాల్, గౌచర్ వ్యాధికి మిగ్లుస్టాట్ అలా వచ్చినవే. మన మందుల షాపుల్లో విరివిగా దొరికే వోగ్లిబోస్, అకార్బోస్ కూడా సూక్ష్మజీవుల దగ్గర నేర్చుకున్న ఇదే విద్య. భోజనం మొదటి ముద్దతో వేసుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే: చిన్నపేగులో పిండి పదార్థాన్ని కోసే ఎంజైమ్ దగ్గరికి అన్నంతో పాటే వేషగాడూ చేరాలి. కోయకుండా మిగిలిపోయిన పిండి పెద్దపేగులోని బాక్టీరియాకు విందు. ఈ మాత్రలు వేసుకునేవాళ్ల కడుపుబ్బరం అక్కడి నుంచి వచ్చేదే.

సరే, ఒక ఆకు తెచ్చి ముందు పెట్టి, ఇందులో దొంగ చక్కెర ఉందా అని అడిగితే రసాయన శాస్త్రవేత్తకు తల ప్రాణం తోకకొస్తుంది. ఆకు రసాల్ని విడదీసి చూసే పరికరాల్లో ఎక్కువ భాగం అతినీలలోహిత కాంతిని నమ్ముకున్నవి. పసుపులోని కుర్కుమిన్, టీలోని కెఫీన్ ఆ కాంతిని మింగి పట్టుబడతాయి. డీఎన్‌జే మింగదు. నూనెను పోలిన పూత ఉన్న మామూలు క్రొమటోగ్రఫీ గొట్టంలోకి పంపితే ఎక్కడా ఆగకుండా నీటితో పాటు జారిపోతుంది. ఆవిరి చేద్దామంటే ఎగరదు, మాడుతుంది. పైగా పక్కన ఉన్నవన్నీ దాని పోలికలే. వంద మిల్లీగ్రాముల ఎండు ఆకుపొడిలో డీఎన్‌జే 0.1 శాతం ఉందనుకుందాం. పది మిల్లీలీటర్ల ద్రావణంలోకి అంతా దిగినా మిల్లీలీటరుకు వచ్చేది 10 మైక్రోగ్రాములు. అదే రసంలో అసలు చక్కెరలు దానికి ఎన్నో రెట్లు ఈదుతుంటాయి.

కాబట్టి చాలామంది మొదట వెళ్లేది ఎంజైమ్ దగ్గరికే. మోసపోయేవాడినే సాక్షిగా నిలబెట్టడం. ఈ పరీక్షను కళ్లారా చూస్తే ముచ్చటేస్తుంది. అరచేయంత ప్లాస్టిక్ ప్లేటులో 96 గుంటలు. ప్రతి గుంటలో కాస్త ఎంజైమ్, కాస్త ఆకు రసం. కొన్ని నిమిషాలయ్యాక పారా-నైట్రోఫినాల్ తగిలించిన గ్లూకోజ్ చుక్క వేస్తారు. దానికి రంగు లేదు. ఎంజైమ్ బంధాన్ని కోస్తే నైట్రోఫినాల్ విడిపోతుంది. సోడియం కార్బొనేట్ వేయగానే పని ఆగి గుంట నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. ఎంజైమ్ చేతులు కట్టేసిన గుంట మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. 405 నానోమీటర్ల దగ్గర ఆ పసుపును కొలిస్తే ఎంత అడ్డు పడిందో అంకెల్లో వస్తుంది.

ఇంత అందమైన పరీక్షలో పెద్ద బొక్క ఉంది. చవకగా, సులువుగా దొరికేది యీస్ట్ నుంచి తీసిన ఆల్ఫా-గ్లూకోసిడేస్. ఎక్కువ మంది వాడేది అదే. క్షీరదాల చిన్నపేగులో ఉండే ఎంజైములను డీఎన్‌జే ఒక మైక్రోమోలార్ కన్నా తక్కువ గాఢత దగ్గరే సగానికి సగం ఆపేస్తుంది. యీస్ట్ ఎంజైమ్‌ను ఆపాలంటే వందల మైక్రోమోలార్లు కావాలి. రెండింటికీ పేరు ఒకటే, పుట్టుక వేరు, గుంట ఆకారం వేరు. అంటే ఈ కుటుంబంలో అందరికన్నా పేరున్న అణువును యీస్ట్ పరీక్ష దాదాపు చూడనే చూడదు. తిరగేసి చూస్తే మరీ తమాషా. టానిన్లు, పాలీఫినాళ్లు ఉన్న ఏ వగరు రసం పోసినా యీస్ట్ ఎంజైమ్ చతికిలబడుతుంది, గుంట తెల్లగా ఉండిపోతుంది. ఫలానా చెట్టు బెరడు ఆల్ఫా-గ్లూకోసిడేస్‌ను అణచివేసింది, కనుక మధుమేహానికి మంచిది అనే మాట చదివినప్పుడు నేను ముందు వెతికేది ఆ ఎంజైమ్ ఎవరిదన్నదే. యీస్ట్‌ది అయితే ఆ వాక్యానికి సగం విలువే ఇస్తాను. ఎలుక పేగు పొడి నుంచి తీసినదైతే కూర్చుని చదువుతాను.

ఎంజైమ్‌ను సరిగ్గా ఎంచుకుంటే ఈ పద్ధతి ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఆస్ట్రేలియా కథ ఉంది. అక్కడ స్వైన్సోనా అనే చిక్కుడు జాతి మొక్కను మేసిన పశువులు తూలిపోతూ, చిక్కిపోతూ చచ్చిపోయేవి. వాటి కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూసినవాళ్లకు అది ఎక్కడో చూసినట్టే అనిపించింది. పుట్టుకతోనే ఆల్ఫా-మానోసిడేస్ ఎంజైమ్ లేని ఆంగస్ జాతి ఆవుదూడల కణాలు అచ్చం అలాగే నీటి బుడగలతో ఉబ్బి ఉంటాయి. మరి ఈ మొక్క ఆ ఎంజైమ్‌నే ఆపుతోందేమో! పెర్త్ లోని మర్డాక్ విశ్వవిద్యాలయంలో డోర్లింగ్, హక్స్‌టబుల్, కోల్‌గేట్ మొక్క రసాన్ని భాగాలుగా విడదీసి, ప్రతి భాగాన్నీ మానోసిడేస్ మీద పరీక్షిస్తూ, ఆపిన భాగాన్నే మళ్లీ విడదీస్తూ పోయారు. 1979లో స్వైన్సోనిన్ చేతికొచ్చింది. జబ్బే ఏ ఎంజైమ్‌ను వాడాలో చెప్పిన సందర్భం ఇది. అమెరికాలో పశువులకు పిచ్చెక్కించే లోకో మొక్కల్లో కూడా అదే ఉందని 1982లో మాలినో, జేమ్స్ చూపారు.

ఎంజైమ్ ఏదో ఆపుతోంది అని మాత్రమే చెబుతుంది, పేరు చెప్పదు. పేరు కావాలంటే అణువును విడిగా పట్టాలి. పట్టడానికి దొరికే కొక్కెం నత్రజని. ఆకుపొడిని నీటిలోనో, పలచటి ఆమ్లంలోనో, సగం నీళ్లు కలిపిన ఆల్కహాల్‌లోనో నానబెట్టి వడకడతారు. ఆ రసాన్ని గాజు గొట్టంలో నింపిన గోధుమరంగు రెజిన్ గుళికల మీదుగా పోస్తారు. గుళికల ఒంటి నిండా ఋణావేశం. చక్కెరలకు ఆవేశం లేదు, నీటితో పాటు కిందికి వెళ్లిపోతాయి. ధనావేశం తెచ్చుకున్న డీఎన్‌జే గుళికలకు అతుక్కుంటుంది. నీళ్లతో బాగా కడిగి, చివర్లో పలచటి అమోనియా పోస్తే ప్రోటాన్ ఊడిపోయి, పట్టు వదిలేసి దిగి వస్తుంది. అమోనియాను ఆవిరి చేస్తే గొట్టం అడుగున లేతగా ఒక పూత మిగులుతుంది. మోసగాడు ఏ ఆవేశంతో ఎంజైమ్‌ను పట్టాడో ఆ ఆవేశంతోనే రెజిన్‌కు దొరికిపోవడం నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన విషయం.

అయితే అమైనో ఆమ్లాలు కూడా అదే కొక్కేనికి పడతాయి, ఆకులో అవేమీ తక్కువ కాదు. వాటికి ఇంకో చివర ఆమ్లపు గుంపు ఉంది కాబట్టి, ఈసారి ధనావేశపు రెజిన్ మీదుగా పంపితే అవి అక్కడ చిక్కుకుంటాయి, దొంగ చక్కెరలు దాటిపోతాయి. ఇటూ అటూ తిప్పి తిప్పి వేరు చేయడం ఓపిక పని. జపాన్‌లో నవోకి అసానో ఈ రెజిన్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి మల్బరీ నుంచి, పట్టుపురుగుల నుంచి, ఎన్నో మొక్కల నుంచి ఇలాంటి ఆల్కలాయిడ్లను జాబితాలకెక్కించాడు.

నత్రజనే లేని వేషగాళ్లు ఈ దారిలో దొరకరు. శ్రీలంకలో ఒక తీగ కాండాన్ని తొలిచి చేసిన చెక్క లోటాలో రాత్రంతా నీళ్లుంచి మధుమేహులు పొద్దున్నే తాగే వాడుక ఉంది. సలేసియా రెటిక్యులేటా దాని పేరు. 1997లో యోషికావా బృందం అందులో సలాసినాల్‌ను కనిపెట్టింది. దాని వలయంలో నత్రజని స్థానంలో ధనావేశపు గంధకం ఉంది, తోకలో ఋణావేశపు సల్ఫేట్ ఉంది. రెండూ ఒకే అణువులో ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నత్రజని కోసం పెట్టిన వల మీదుగా సలాసినాల్ దర్జాగా నడిచిపోతుంది.

విడదీశాక కొలవాలి. కనిపించని దాన్ని కనిపించేలా చేయడం ఒక మార్గం. డీఎన్‌జే నత్రజనికి ఎఫ్‌మాక్ అనే వెలుగిచ్చే తోకను తగిలిస్తే, జిడ్డు స్వభావం వచ్చి మామూలు గొట్టంలోనే ఆగుతుంది, 254 నానోమీటర్ల కాంతి పడితే మెరుస్తుంది. మల్బరీ ఆకుల మీద 2003 నుంచి ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది, ఖరీదైన పరికరం అక్కర్లేదు. కానీ తోక తగలాలంటే నత్రజని మీద ఒక హైడ్రోజన్ ఖాళీగా ఉండాలి. స్వైన్సోనిన్‌లో ఆ చోటు లేదు, దాని నత్రజని రెండు వలయాల మధ్య మూడు వైపులా కార్బన్లతో ఇరుక్కుని ఉంది. ఈ పద్ధతిలో స్వైన్సోనిన్ సున్నా వస్తే అది మొక్కలో లేదని కాదు.

హైడ్రాక్సిళ్లన్నిటి మీదా సిలికాన్ ముసుగులు తొడిగి అణువును ఎగిరేలా చేయడం ఇంకో మార్గం. అప్పుడు దాన్ని వాయు క్రొమటోగ్రఫీలోకి పంపి, ద్రవ్యరాశి కొలిచే యంత్రంలో ముక్కలు చేయొచ్చు. నత్రజని పక్కనున్న కార్బన్ దగ్గర బంధం తెగి, ముసుగేసుకున్న చివరి గుంపు ఊడి 103 యూనిట్లు తగ్గడం ఈ జాతికి వేలిముద్ర లాంటిది. మంచి పద్ధతే, కానీ రసంలో తేమ చుక్కంత మిగిలినా ముసుగులు సరిగ్గా తొడగవు. ఒక్క తడి గొట్టం చాలు, రోజంతా వృథా.

ఇప్పుడు చాలాచోట్ల నడుస్తున్నది మూడోది. నూనె పూత గొట్టానికి బదులు నీటిని ఇష్టపడే ఉపరితలం ఉన్న గొట్టం తీసుకుని, నీళ్లు తక్కువ, అసిటోనైట్రైల్ ఎక్కువ ఉన్న ద్రావణాన్ని పంపుతారు. గొట్టం గోడల మీద పలచటి నీటి పొర ఏర్పడుతుంది. నీళ్లంటే ప్రాణం పెట్టే అణువులు ఆ పొరలో ఆగి ఆగి వస్తాయి. అటు చివర ద్రవ్యరాశి యంత్రం 164 దగ్గర కాపు కాస్తుంది: 163కు ఒక ప్రోటాన్ కలిపితే వచ్చే అంకె అది. దాన్ని పగలగొడితే నీటి అణువొకటి పోయి 146, ఇంకోటి పోయి 128. తోకలూ ముసుగులూ ఏవీ అక్కర్లేదు.

అంకె కుదిరింది కదా అని పేరు రాసేయకూడదు. ఒక్క హైడ్రాక్సిల్ తలకిందులైతే డీఎన్‌జే మానోజ్‌ను పోలిన అణువవుతుంది. ఇంకో చోట తలకిందులైతే గాలక్టోజ్‌ను పోలినది, ఇప్పుడు ఫాబ్రీ వ్యాధికి మందుగా వాడుతున్న మిగలాస్టాట్. డెర్రిస్ మొక్కలో దొరికిన డీఎండీపీ అనే ఇంకో వేషగాడి వలయం ఐదు మూలలదే. వీటన్నిటి బరువూ 163. తక్కెడకు అన్నీ ఒకటే, ఎంజైమ్‌కు మాత్రం వేటికవే. గొట్టంలోంచి ఏ నిమిషంలో వచ్చిందో శుద్ధమైన నమూనాతో పోల్చి చూడాలి. అప్పటికీ అనుమానం ఉంటే కొన్ని మిల్లీగ్రాములు కూడబెట్టి అయస్కాంత అనునాద యంత్రంలో పెట్టాలి. గ్లూకోజ్‌లో రెండు ఆక్సిజన్ల మధ్యనున్న కార్బన్ 93, 97 దగ్గర రెండు గీతలు గీస్తుంది. డీఎన్‌జే పటంలో ఆ ప్రాంతం ఖాళీ. నత్రజనిని ఆనుకున్న కార్బన్ 50కి దిగి వచ్చి కూర్చుంటుంది. ఆ ఖాళీని చూశాక వాదనకేమీ మిగలదు.

ఆహారం విషయానికొస్తే ఈ కొలతలకు లెక్క కూడా కావాలి. మల్బరీలో కొమ్మ చివరి లేత ఆకుల్లో డీఎన్‌జే ఎక్కువ, ముదురు ఆకుల్లో తక్కువ. చాకీ పురుగులకు, అంటే తొలి దశలోని పట్టుపురుగు పిల్లలకు, రైతులు కోసేవీ ఆ లేత ఆకులే. మల్బరీ టీ పొడిలో 0.1 శాతం ఉందనుకుంటే రెండు గ్రాముల పొడి నుంచి, అంతా కప్పులోకి దిగినా, 2 మిల్లీగ్రాములు వస్తాయి. మిగ్లిటాల్ అతి చిన్న మాత్ర 25 మిల్లీగ్రాములు. రెండూ వేరు వేరు అణువులు కాబట్టి నేరుగా తూచలేం. కానీ డబ్బా మీద ఆకు బొమ్మ వేసి అంకె వేయని టీని మందు స్థానంలో పెట్టుకోవడం మాత్రం తెలివైన పని కాదు. మన వంటింట్లోనూ ఈ జాతి ఉంది. బంగాళాదుంప, వంకాయ, టమాటా కుటుంబంలో కాలిస్టెజీన్లు అనేవి ఉంటాయి. దుంపలో లోపలి కండ కన్నా తొక్కలో, మొలకల్లో ఎక్కువ. బక్‌వీట్‌లో ఫాగోమిన్ ఉందని 1974 నుంచే తెలుసు.

లోకో మొక్కల దగ్గర ఈ కొలతలన్నీ ఒక చిక్కులో పడ్డాయి. ఒకే జాతి మొక్కలు పక్కపక్కనే ఉంటే ఒకదాంట్లో స్వైన్సోనిన్ దండిగా, ఇంకోదాంట్లో జాడే లేకుండా ఉండేది. పరికరం తప్పా, నమూనా తీసిన తీరు తప్పా? రెండూ కాదు. మొక్క లోపల బయటికి కనిపించకుండా బతికే ఒక శిలీంధ్రం స్వైన్సోనిన్‌ను తయారుచేస్తోంది. అది గింజ పైపొరలో దాక్కుని తరం నుంచి తరానికి పోతుంది. ఆ పొరను ఒలిచేసి మొలిపించిన మొక్కల్లో శిలీంధ్రమూ లేదు, విషమూ లేదు. ఇప్పుడు పచ్చిక బయళ్ల నుంచి తెచ్చిన ఆకును రెండు గొట్టాల్లోకి పంచుతారు. ఒకటి ద్రవ్యరాశి యంత్రానికి వెళ్తుంది, రెండోది శిలీంధ్రం డీఎన్‌ఏ వెతికే పీసీఆర్‌కు.